నొప్పి కాగితం వేరు, బోర్డు ఫైలు వేరు

బొగ్గు బాయిలో బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ (బుట్ట, పార) పోయి ఎస్‌డీఎల్‌లు, ఎల్‌హెచ్‌డీలు, కంటిన్యూయస్ మైనర్లు అనే యంత్రాలు వచ్చాయి. నడుం నొప్పి మాత్రం పోలేదు. రామగుండం ఓపెన్‌కాస్టుల్లో డంపర్ నడిపే ఆపరేటర్ బరువులు ఎత్తడు గాని, షిఫ్టు పొడుగునా సీటులోంచి వెన్నుకెక్కే అదురును భరిస్తాడు. ఆ అదురుకూ నడుం నొప్పికీ ఉన్న సంబంధం వృత్తి ఆరోగ్య పరిశోధనల్లో పాత సంగతే. మూడు నెలలు దాటినా తగ్గనిది దీర్ఘకాలిక నొప్పి. మాత్రలు, ఫిజియోథెరపీ, ఒక్కోసారి ఆపరేషన్ కూడా అయ్యాక మిగిలే దారుల్లో ఒకటి వెన్నుపాముకు కరెంటు పెట్టడం. వెన్నుపాము పొర వెలుపల సన్నటి తీగ అమర్చి, చర్మం కింద ఉంచిన బ్యాటరీతో స్వల్ప విద్యుత్తు పంపుతారు. దీనికి ఎవరు తగినవారో తేల్చడంలో డాక్టరుకు సాయపడే డిజిటల్ ప్రశ్నావళులు వచ్చాయి. సింగరేణి బొగ్గు గనుల బెల్టుకు అవి పనికొస్తాయి, కాకపోతే ఒక షరతు మీద.

నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే అడ్డుకునే ఏర్పాటు ఒంట్లో ఉందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. ఆ ఆలోచన ఆధారంగా 1967లో అమెరికాలో నార్మన్ షీలీ తొలిసారి రోగికి ఎలక్ట్రోడ్ అమర్చారు. ఇన్నేళ్లయినా దీని మీద తగువు తెగలేదు. వెన్ను ఆపరేషన్ తర్వాతా కాలి నరాల నొప్పి వదలని 100 మందిపై జరిపిన పరీక్ష 2007లో వెలువడింది. ఆరు నెలలకు కాలి నొప్పి కనీసం సగం తగ్గినవారు పరికరం పెట్టిన వర్గంలో 48 శాతం, మామూలు వైద్యం అందిన వర్గంలో 9 శాతం. 2022లో నార్వే వైద్యులు అలాంటి 50 మందికే పరికరం పెట్టి, కొన్నాళ్లు కరెంటు ఇచ్చి, కొన్నాళ్లు ఇవ్వకుండా, ఆ సంగతి వారికి తెలియనీయకుండా చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదటి పరీక్షలో రోగికి తనకేం పెట్టారో తెలుసు. ఇంత సందేహం ఉన్న చికిత్సను నడుం పట్టుకుని వచ్చిన ప్రతివారికీ చేయడం అన్యాయం.

అందుకే 2020లో ఐరోపా నిపుణులు ఒక ఆన్‌లైన్ సాధనం తయారుచేశారు. నొప్పి ఏ కోవది, ఇదివరకు ఏ వైద్యం జరిగింది అన్నవాటితో పాటు రోగి ఆశలు అతిగా ఉన్నాయా, మనసు కుంగి ఉందా, ఇంట్లో ఆసరా ఉందా, నొప్పి వల్ల ఇతరత్రా లాభం ఏమైనా ఉందా అని కూడా అది చూస్తుంది. దీనికి ముందే, నొప్పి నరాలదా కండరాలదా అని పోల్చుకోవడానికి డీఎన్4 అనే చిన్న పరీక్ష ఉంది. మంటగా ఉందా, కరెంటు కొట్టినట్టు ఉందా, తిమ్మిరా, సూదులు గుచ్చినట్టా, దురదా అని డాక్టరు అడుగుతారు. కుంచెతో చర్మాన్ని రాసి నొప్పి పెరుగుతోందేమో చూస్తారు. పది అంశాల్లో నాలుగైనా ఉంటే నరాల నొప్పి కావచ్చు. బాయి పనితో పట్టేసిన నడుము చాలావరకు ఈ జల్లెడ దగ్గరే ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. దాటినవారికి సైతం తీగను ముందు కొన్ని రోజులు పరీక్షగా పెట్టి, నొప్పి సగమైనా తగ్గితేనే బ్యాటరీ అమరుస్తారు. ఆపైన కొన్ని వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, లేకుంటే తీగ జరిగిపోతుంది. అండర్‌గ్రౌండ్ కార్మికుడికి ఈ మాట ముందే చెప్పాలి.

రోగి సంగతి కంప్యూటర్‌కేం తెలుసు అనేవారున్నారు. ఆ సాధనం తీర్పు చెప్పదు, సలహా ఇస్తుంది. తీగ పెట్టాలో వద్దో చెప్పాల్సింది డాక్టరే. ఐరోపా ప్రశ్నలు రామగుండం ప్రాంతపు గోదావరిఖనికి సరిపోతాయా అన్నది అంతకన్నా గట్టి అభ్యంతరం. ఇక్కడ నొప్పికి ఉద్యోగంతో లంకె ఉంది. కార్మికుడు పనికి అనర్హుడని సింగరేణి మెడికల్ బోర్డు తేలిస్తే, నిబంధనల మేరకు ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఆ అవకాశం కళ్ల ముందుండగా 'నొప్పి ఎంత' అని అడిగితే ఎక్కువ చెప్పాలనిపించడం సహజం. దానికి భిన్నంగా, డ్యూటీ మారుస్తారేమో, అలవెన్స్ పోతుందేమో అని దాచేవారూ ఉంటారు. రెండు విధాలా జవాబులు వంకర పోతాయి. వంకర జవాబులు ఇస్తే ఎంత మంచి సాధనమైనా తప్పు మనిషినే ఎంచుతుంది.

అందుకని దొంగ నొప్పులు పట్టుకోవడానికే దీన్ని వాడితే పోలా అని అధికారులకు తోచవచ్చు. అక్కడే చెడుతుంది. ఈ ప్రశ్నలు అబద్ధాన్ని పట్టడానికి రాసినవి కావు, వైద్యం ఎవరికి పనిచేస్తుందో అంచనా వేయడానికి రాసినవి. బోర్డు పరీక్షలకు బోర్డు పద్ధతులు ఉన్నాయి. నొప్పి ప్రశ్నావళిని గోదావరిఖని ఏరియా ఆసుపత్రిలో తెలుగులోనే, కార్మికుడి మాటల్లోనే నింపాలి. ఆ కాగితం డాక్టరు దగ్గరే ఉండాలి. అది మెడికల్ బోర్డు ఫైలులోకి వెళ్లదని సింగరేణి యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి, యూనియన్లు ఆ రాతను అడిగి తీసుకోవాలి. ఈ హామీ లేకుండా మాత్రం ఒక్క కార్మికుడికీ ఆ ప్రశ్నావళి ఇవ్వకూడదు.