తుపాకి లైసెన్సు – పంట కాపు

లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద కిరాతార్జునుల చిత్రము కలదు. ఒక్క అడవిపందిపై ఇరువురు బాణము వేసి తగవుపడిన కథ అది. నేడు ఆ ప్రాంతపు వేరుసెనగ చేలలో పందులు పడుచున్నవి; రైతు తుపాకి పట్టవలెనన్న లైసెన్సు కావలెను. లైసెన్సనగానే జనులకు శంక. ఆ శంక పాతది.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ఈయగా, కలెక్టరు మన్రో పాలెగాండ్రను అణచి వారి సాయుధ బంట్లను చెదరగొట్టెను. 1878లో లిట్టన్ ప్రభుత్వము ఆయుధముల చట్టము తెచ్చెను: దేశీయునికి లైసెన్సు, తెల్లవానికి మినహాయింపు. మనసును నొప్పించినది ఆ మినహాయింపేయని మా తలంపు. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడిన ఆయుధధారణమును ప్రాథమిక హక్కులలో చేర్చెను. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్ దానినే కోరగా, ఆ హక్కును బందిపోట్లును కోరుదురని అంబేడ్కరు అంగీకరింపలేదు. సభయు త్రోసివేసెను.

కనుక అమెరికాలో 1791 నుండి హక్కైనది మనకు అనుమతి మాత్రమే. 1959 నాటి చట్టము పంటకాపుకై మందుకూరి పేల్చు తుపాకిని ప్రత్యేకముగా పేర్కొనుచున్నది. శాంతిభద్రతల పేర నిరాకరించు అధికారమును మాత్రము విడువలేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము, తుపాకి ఉన్నను అనుమతి లేక పందిని చంపరాదు. కక్షలు చూచిన సీమలో కట్టడియే వలదనుట మాకు సమ్మతము కాదు. అయితే పంది చేను త్రొక్కునది రాత్రి, కచేరి తెరచునది పగలు! నిరాకరణకు కారణము వ్రాతమూలముగా అడుగవచ్చును, అప్పీలు చేయవచ్చును. ఈ రెండును చట్టములోనే ఉన్నవి, అడుగువారు అరుదు.