ఆకాశానికి ఎన్ని గోతాలు?

కోతకు ముందు మా నాన్న గట్టు మీద నిలబడి, ఎకరాకు ఇన్ని బస్తాలని అంచనా కట్టి గోతాలు తెప్పిస్తారు. నాలుగేళ్ళ క్రితం ఇరవై అయిదు అనుకుంటే ముప్ఫై రెండు పండాయి. నాలుగెకరాలకు ఇరవై ఎనిమిది గోతాలు చాలలేదు. మిగిలిన వడ్లు కళ్ళంలో రాశిగా ఉండగానే వాన కురిసింది. రంగు మారిన వడ్లను వచ్చిన ధరకు అమ్ముకొని, నా ఇంటర్ ఫీజు అప్పు తెచ్చి కట్టారు. పంట ఎక్కువ పండి నష్టపోవడం అప్పుడే చూశాను.

సైన్సు వ్యాసంలో ఈ వడ్ల గొడవేమిటంటారా? ఆకాశాన్ని సర్వే చేసేవారికీ ఇదే చిక్కు గనుక!

ఒకప్పుడు మన హైదరాబాదులోని నిజామియా వేధశాల కూడా ప్రపంచ నక్షత్ర పట్టిక తయారీలో పాల్గొని, ఆకాశాన్ని గాజు పలకల మీద చిత్రించింది. నేడు ఆ పని కంప్యూటర్లది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, సెర్రో పచోన్ కొండపై ఉన్న వేరా రూబిన్ వేధశాల తన తొలి చిత్రాలను 2025 జూన్‌లో విడుదల చేసింది. దాని కెమెరా ఒక్క చిత్రంలో 320 కోట్ల బిందువులు ఉంటాయి. బిందువుకు రెండు బైట్ల చొప్పున చిత్రానికి 640 కోట్ల బైట్లు. బైటు అనగా ఒక అక్షరం పట్టేంత చోటు.

చిత్రాల సంగతి అలా ఉంచి, వాటినుండి తీసే పట్టికను, అంటే డేటాబేసును చూద్దాం. పదేళ్ళ సర్వేలో నక్షత్రాలు, గెలాక్సీలు కలిసి 3,700 కోట్లు దొరుకుతాయని అంచనా. ఒక్కొక్కదానికి ఒక వరుస, వరుసకు వెయ్యి బైట్లు అనుకొని నోటుబుక్కులో గుణించాను. 37 టెరాబైట్లు వచ్చింది. టెరాబైటంటే లక్ష కోట్ల బైట్లు. ఇంతేనా అనుకున్నాను!

కాని నేను ఒక్క కారు పంటే లెక్కించాను. వెలుగు మారే నక్షత్రాలు, కదిలే గ్రహశకలాలు దొరకాలంటే చూసిన చోటే మళ్ళీ మళ్ళీ చూడాలి. పదేళ్ళలో ఒక్కో చోటును సుమారు 800 సార్లు చూస్తారు. చూసిన ప్రతిసారీ ఒక కొలత. అంటే దాదాపు 30 లక్షల కోట్ల వరుసలు. వరుసకు 50 బైట్లే వేసుకున్నా 1,500 టెరాబైట్లు, అనగా ఒకటిన్నర పెటాబైట్లు. మొదటి లెక్కకు నలభై రెట్లు!

ఇక్కడే అసలు ప్రమాదం. వరుసకు పది బైట్లు తక్కువ అంచనా వేస్తే 300 టెరాబైట్ల లోటు. ఎకరాకు ఏడు బస్తాల కథే ఇది. పైగా ఇతర పట్టికలు, త్వరగా వెతకడానికి సూచికలు కూడా కావాలి. అన్నీ కలిపి చివరి డేటాబేసు సుమారు 15 పెటాబైట్లని సర్వేవారి అంచనా. నా లెక్కకు పదింతలు!

కాబట్టి మిత్రులారా, అంచనా వేసేటప్పుడు ఎన్ని ఉన్నాయన్నదే కాక, ఎన్నిసార్లు కొలుస్తామన్నది కూడా అడగాలి. ఒక్క అంకెతో ఊరుకోకూడదు. మా నాన్న ఇప్పుడు తక్కువ పండితే ఎన్ని, ఎక్కువ పండితే ఎన్ని అని రెండు అంకెలు రాసుకొని, పెద్దదాని ప్రకారమే గోతాలు తెప్పిస్తున్నారు. మిగిలిన గోతాలు అటక మీద పడివుంటాయి. వాన మాత్రం మన కోసం ఆగదు కదా!