వంటింటి గొట్టంలో ఎదురుగాలి
* పొగ పోవాల్సిన దారిన చలి, దుమ్ము
* గుడ్డలు కుక్కితే అసలుకే మోసం
* చిన్న మూత పలకతో అడ్డుకట్ట

గురజాల: ధనుర్మాసం వచ్చిందంటే పల్నాట వేకువజామున వంటింట్లో అడుగుపెట్టగానే చలి చురుక్కుమంటుంది. తలుపులు, కిటికీలు మూసే ఉంటాయి. గాలి మాత్రం పొయ్యి పైనున్న చిమ్నీలో నుంచో, గోడకు బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను సందుల్లో నుంచో దిగుతూనే ఉంటుంది. పొగను, పోపు ఘాటును బయటికి పంపేందుకు ఏర్పాటు చేసుకున్న మార్గమే చలిని, దుమ్మును లోపలికి మోసుకొస్తోంది. దీనికి విరుగుడుగా కొందరు రాత్రిళ్లు గొట్టంలో పాత గుడ్డలు కుక్కుతున్నారు. మరికొందరు అట్టముక్క అడ్డుపెట్టి టేపు అంటిస్తున్నారు. సమస్య కంటే ఈ విరుగుడే ఎక్కువ ప్రమాదకరం.

ఎండలకు పేరుమోసిన రెంటచింతలకు ఇంత చేరువలో ఉంటూ చలిగాలి గురించి చెప్పుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే మార్గశిర, పుష్య మాసాల్లో వేకువన చలి తెచ్చే రంధ్రమే వైశాఖంలో వడగాలిని తెస్తుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి దారుల్లో సున్నపురాతి దుమ్ము లేచే చోట్ల ఆ దుమ్మునూ తెస్తుంది. కాబట్టి ఒకసారి సరిచేసుకుంటే ప్రయోజనం ఏడాది పొడవునా ఉంటుంది.

గాలి ఎందుకు వెనక్కి వస్తుంది?

మన ఇళ్లలో వంటగదిని ఆగ్నేయ మూలన కడతారు. వండేవారు తూర్పు ముఖంగా నిలబడేలా పొయ్యి గట్టును తూర్పు గోడకు ఆనించి వేస్తారు. చిమ్నీ గొట్టం కూడా దగ్గరి దారి చూసుకుని ఆ గోడలో నుంచే బయటపడుతుంది. చలికాలంలో గాలి ఎక్కువగా వీచేది ఈశాన్యం, తూర్పు దిక్కుల నుంచే. గోడకు తగిలిన గాలి అక్కడ ఒత్తిడి పెంచుతుంది. ఎదురుగా తెరుచుకున్న గొట్టం కనిపిస్తే అందులో దూరుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇందుకు భిన్నంగా పడమటి గాలి వీస్తుంది. అప్పుడు తూర్పు గోడ చాటున ఉంటుంది. చాటు వైపు ఒత్తిడి తగ్గి గొట్టంలోని గాలి బయటికే లాగబడుతుంది. ఆషాఢ, శ్రావణాల్లో ఊసే లేని ఇబ్బంది మార్గశిరంలో ఒక్కసారిగా బయటపడటానికి కారణం ఇదే. ఇందులో వాస్తును తప్పుపట్టాల్సిన పని లేదు. లోపమంతా మూత లేని గొట్టానిదే.

మరో కారణం ఇంటి లోపలే ఉంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి వేడిని వదులుతుంది. వెచ్చని గాలి తేలికై పైకి లేచి వెంటిలేటర్ల గుండా వెళ్లిపోతుంది. వెళ్లిన గాలికి బదులు ఎక్కడో ఒకచోట నుంచి చల్లగాలి రావాలి. కిటికీలు మూసి ఉంటే దానికి మిగిలిన దారి వంటింటి రంధ్రం. స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే ఈ లాగుడు మరింత ఎక్కువవుతుంది.

పెద్దలకు తెలిసిన ఉపాయమే

మట్టి మిద్దెల కాలంలో వంటింటి పైకప్పుకు గవాక్షి ఉండేది. వంట వేళ తెరిచేవారు. వాన పడినా, పని ముగిసినా కుండో, నాపరాయి పలకో కప్పేవారు. 1980వ దశకంలో ప్రభుత్వం ప్రోత్సహించిన పొగలేని పొయ్యిలకు సైతం గొట్టం చివర టోపీ ఉండేది. వానను, ఎదురుగాలిని ఆపడమే దాని పని. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకంతో పల్లెలకు గ్యాసు చేరింది. ఆ తర్వాత కట్టిన ఇళ్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఇటీవల చిమ్నీలు వచ్చాయి. గొట్టం వచ్చింది గానీ మూత సంగతి మాత్రం మరుగున పడింది.

మంట ఆరితేనే అసలు ముప్పు

చలిని ఎలాగో ఓర్చుకోవచ్చు. గాలికి పొయ్యి ఆరిపోతే మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. చిమ్నీ జాలీ దాటి పైనుంచి దిగే గాలికి మంట ఆరడం అరుదు. పొయ్యికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉన్న ఎగ్జాస్ట్ రంధ్రంతోనే భయం. తెల్లవారుజామున పాలు సిమ్‌లో పెట్టి వాకిలి ఊడ్చేందుకు వెళ్లే ఇళ్లలో మంట ఆరిన సంగతి వెంటనే తెలియదు. గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. పైకి పోదు, నేలబారుగా పరుచుకుంటుంది. గడప ఎత్తుగా ఉన్న గదిలో అక్కడే నిలిచిపోతుంది. గాలిలో దాని వాటా సుమారు 2 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు.

వాసన రాగానే చాలామంది చేయి చిమ్నీ స్విచ్ మీదికో, ఎగ్జాస్ట్ స్విచ్ మీదికో వెళుతుంది. అలా చేయనే కూడదు. స్విచ్‌లో పుట్టే రవ్వే ప్రమాదానికి దారితీస్తుంది. ఏ స్విచ్చునూ వేయకుండా, ఆర్పకుండా రెగ్యులేటరు కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. బయటికొచ్చాకే గ్యాసు లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. మంట ఆరగానే గ్యాసును తనంతట తానే కట్టేసే రక్షణ పరికరం ఉన్న పొయ్యిలు మార్కెట్లో దొరుకుతున్నాయి. కొత్తది కొనేవారు రంగు, అద్దం చూసే ముందు ఈ సౌకర్యం ఉందో లేదో అడగడం మేలు.

మంట ఆరకపోయినా పక్కకు వాలితే నష్టమే. గిన్నె అడుగుకు చేరాల్సిన వేడి గాలిలో కలుస్తుంది, పిడి కాలుతుంది, సిలిండరు ముందే అయిపోతుంది.

అగరుబత్తితో పరీక్ష

గాలి ఎటునుంచి వస్తోందో తేల్చుకోకుండా ఖర్చు పెట్టడం దండగ. గాలి వీస్తున్న రోజు చూసుకుని, గ్యాసు వాసన లేదని నిర్ధారించుకున్నాక, రెగ్యులేటరు కట్టేసి, ఫ్యాన్లన్నీ ఆపాలి. వెలిగించిన అగరుబత్తిని ముందుగా చిమ్నీ కింద, తర్వాత గోడలో గొట్టం దూరిన చోట చుట్టూ, చివరగా ఎగ్జాస్ట్ రెక్కల దగ్గర పట్టుకోవాలి. పొగ ఎక్కడ మీదికి వంగితే అక్కడి నుంచి గాలి వస్తున్నట్లే.

చాలా ఇళ్లలో తప్పు గొట్టం లోపల కాదు, దాని చుట్టూ ఉంటుంది. ఆరంగుళాల గొట్టానికి మేస్త్రీ ఎనిమిదంగుళాల రంధ్రం కొడతాడు. మిగిలిన సందులో కాగితాలు దోపి పైపైన సిమెంటు పూస్తాడు. ఏడాది తిరిగేసరికి పూత ఊడిపోతుంది. చలితో పాటు బొద్దింకలు, ఎలుకలు వచ్చేది ఈ సందులోంచే. కాగితాలు లాగేసి సిమెంటుతో నిండుగా పూడ్చి, గొట్టం అంచు చుట్టూ సిలికాన్ పూస్తే సగం బాధ తీరుతుంది.

గొట్టంలోంచే గాలి వస్తుంటే దాని లోపల ఒకవైపే తెరుచుకునే మూత పలక పెట్టించాలి. చిమ్నీ మోటారు తిరిగితే ఆ ఒత్తిడికి పలక తెరుచుకుంటుంది. ఆపగానే బరువుకో, స్ప్రింగుకో మూతపడుతుంది. కొన్ని చిమ్నీలకు ఇది యంత్రంతో పాటే వస్తుంది. బిగించేటప్పుడు తీసి పక్కన పడేయడమో, తిరగేసి పెట్టడమో జరుగుతుంటుంది. ముందుగా అట్టపెట్టె వెతికి చూసుకోవాలి. బరువుతో మూసుకునే రకమైతే అడ్డంగా సాగే గొట్టంలో కీలు పైభాగాన ఉండాలి. కీలు కిందికి వస్తే పలక తెరుచుకునే ఉండిపోతుంది. బయటి గోడకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. చల్లగాలి గొట్టంలోకి రాకముందే ఆగిపోతుంది.

గోడ వెలుపల గొట్టం నోరు తిన్నగా తూర్పుకు చూస్తుంటే కిందికి వంగిన టోపీ తొడిగించాలి. రేకు పనివారు కొలత ఇస్తే చేసిస్తారు. పిట్టలు దూరకుండా జాలీ పెట్టేవారు సన్న కన్నాల దోమల జాలీ వాడకూడదు. నెల రోజుల్లో జిడ్డు పట్టి పూడుకుపోతుంది. వేలు దూరేంత కన్నాలుంటే చాలు. గొట్టం బయటి వైపుకు కాస్త వాలుగా ఉంటే వాన నీరు లోపలికి రాదు.

ఎగ్జాస్ట్ ఫ్యానున్న ఇళ్లలో పని ఇంకా సులువు. ఫ్యాను తిరిగితే లేచి, ఆగితే వాలే రెక్కల చట్రం బయటి వైపు బిగించాలి. ఇప్పటికే ఉండి పనిచేయకపోతే జిడ్డే కారణమై ఉంటుంది. కరెంటు ఆపి, రెక్కలు ఊడదీసి, వేడి నీళ్లు, సబ్బుతో కడిగితే మళ్లీ వాలతాయి. మూత పలకకూ ఇదే వైద్యం. పోపులు, వేపుళ్లు ఎక్కువగా చేసే మన వంటిళ్లలో మూడు నెలలకోసారైనా చూడాల్సిందే.

గుడ్డలు ఎందుకు కుక్కరాదు?

రాత్రి కుక్కిన గుడ్డ ఉదయం గుర్తుండదు. చిమ్నీ వేస్తే మోటారు గాలి వదిలే దారిలేక వేడెక్కుతుంది. జిడ్డు పీల్చుకున్న గుడ్డ వత్తిలా అంటుకునే స్థితిలో ఉంటుంది. నీళ్లు కాచేందుకు కట్టెల పొయ్యి వాడేవారు, చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. గాలి ఆడని చోట నిప్పు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మత్తు కమ్మినట్లుగా ప్రాణం తీస్తుంది. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉన్నా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ఆపాల్సింది అక్కర్లేని వేళ వచ్చే గాలినే తప్ప ఇంటికి ఊపిరైన గాలిని కాదు.

అసలు చిమ్నీ పనిచేయాలన్నా లోపలికి గాలి రావాల్సిందే. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటగదిలో పట్టే గాలి 23 ఘనపు మీటర్లకు మించదు. గంటకు 1000 ఘనపు మీటర్లు లాగుతుందని చెప్పే చిమ్నీ ఆ లెక్కన నిమిషంన్నరలోపే గది గాలినంతా తోడేయాలి. తలుపులన్నీ బిగిస్తే అంత గాలి ఎక్కడి నుంచి వస్తుంది? స్నానాలగది రంధ్రం నుంచి దుర్వాసనతో సహా వస్తుంది. లేదంటే చిమ్నీ రొద పెడుతుందే తప్ప పొగ లాగదు. వంట చేసేంతసేపు పొయ్యికి దూరంగా ఉన్న కిటికీని బెత్తెడు తెరిచి ఉంచాలి.

పల్నాటి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన పిల్లల ఇళ్లలో ఇదే ఇబ్బంది గడ్డకట్టే చలి రూపంలో ఎదురవుతుంది. అక్కడ గొట్టంలో మూత పలక లేకపోతే లోపలి తేమ నీరై పొయ్యి మీద కారుతుంది. అందుకే మూత పలక అక్కడ మామూలు సరకు. అక్కడి గృహ నిర్మాణ నమూనా నియమావళిలో నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి లాగే చిమ్నీలకు బదులు గాలి ఏర్పాటు గురించి నిబంధన సైతం ఉంది.

గొట్టమే లేకుండా బొగ్గు వడపోతతో పనిచేసే చిమ్నీలూ ఉన్నాయి. రంధ్రం లేదు కాబట్టి చలి బెడద ఉండదు. అయితే వేడి, ఆవిరి గదిలోనే తిరుగుతాయి. వడపోతను ఎప్పటికప్పుడు మార్చాలి. గుంటూరు కారంతో పోపు పెట్టే ఇంటికి ఇది అంతగా సరిపడదు.

కొత్తగా ఇల్లు కడుతున్నవారు గోడ లేచేటప్పుడే గొట్టం కొలతకు సరిపోయే తొడుగు పైపు పెట్టించుకుంటే తర్వాత పగలగొట్టే పని తప్పుతుంది. వంటగది ఆగ్నేయంలోనే ఉండనిచ్చి, గొట్టాన్ని తూర్పు గోడకు బదులు దక్షిణపు గోడలో నుంచి బయటికి తీస్తే చలికాలపు గాలి నేరుగా తగలదు. వంపు ఒకటి పెరుగుతుంది కాబట్టి ముడతల పైపు కాకుండా నునుపైన రేకు గొట్టం వేయించుకోవాలి.