కాన్పయ్యేదాకా ఆగాలా?

ఇంగ్లండులో పళ్ళ డాక్టరునైన నన్ను మన తెలుగు అమ్మాయిలు తరచు అడిగే ప్రశ్న ఇది: "అక్కా, నాకు ఐదో నెల. పన్ను ఒకటే సలుపు. కాన్పయ్యేదాకా ఓర్చుకోమంటోంది అమ్మ. ఏం చెయ్యను?"

ఓర్చుకోవద్దు. పిప్పిపన్ను కింద చీము పట్టి, దవడ వాచి, జ్వరమొచ్చేదాకా ఆగడం కన్నా వైద్యం చేయించుకోవడమే తల్లికీ బిడ్డకీ క్షేమం. లిడోకెయిన్ మత్తు ఇంజెక్షను ఇవ్వవచ్చు, అవసరమైతే ఎక్స్‌రే తీయవచ్చు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే ఈ మాట చెప్పింది. తొందరలేని పనులకు నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువు. నొప్పికి మాత్రం నెలలు లెక్కపెట్టకండి.

కాన్పుకో పన్ను పోతుందని మన పెద్దవాళ్ళే కాదు, ఇక్కడి ఇంగ్లీషు ముసలమ్మలూ అంటారు. కానీ బిడ్డకు కాల్షియం తల్లి పళ్ళలోంచి పోదు. హార్మోన్ల వల్ల చిగుళ్ళు కొద్దిపాటి పాచికే వాచి రక్తం కారతాయి. ఆ రక్తం చూసి బ్రష్షు మానేస్తేనే అసలు ముప్పు. మెత్తటి బ్రష్షుతో రెండుపూటలా తోముకోండి. వేవిళ్ళతో వాంతయిన వెంటనే మాత్రం వద్దు. కడుపులోని ఆమ్లానికి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. వంటసోడా కలిపిన నీళ్ళు పుక్కిలించి, ఓ గంట ఆగి తోముకోండి.

ఇక్కడ గర్భిణులకు, కాన్పయ్యాక మరో ఏడాది దాకా, ఎన్.హెచ్.ఎస్. పళ్ళ వైద్యం ఉచితం. మిడ్‌వైఫునడిగి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్టు తీసుకోండి. ఎన్.హెచ్.ఎస్. డెంటిస్టు దొరకడమే గగనమైంది కనుక, నెల తప్పిందని తెలిసిన వారమే వెతకడం మొదలుపెట్టండి.