ఇంటి అచ్చుయంత్రము – కాగితముల గుణభేదములు

పూర్వము మన పెద్దలు తాటియాకుపై వ్రాయదలచినపుడు మొదట ఆకును చూచెడివారు. లేతదియా, ముదిరినదియా, చక్కగా ఆరినదియా యని పరీక్షించి పిమ్మటనే గంటము పట్టెడివారు. ఆకు గుణమెరుగక గంటము నొక్కినచో ఆకు చీలును. విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానమునందును, వనపర్తియందును గ్రంథములు వ్రాసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. నేడు మన ఇండ్లలో గంటమునకు మారుగా ప్రింటరు, ఆకునకు మారుగా కాగితము వచ్చినవి. కాని వ్రాయదలచినదాని గుణమెరుగవలెనన్న నియమము మాత్రము మారలేదు. దీనిని నేను నష్టపడి నేర్చుకొంటిని గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మావారు వనపర్తి ప్రాంతమున బడిపంతులు. ప్రశ్నపత్రముల కొరకై ఇంట నొక చిన్న ఇంక్‌జెట్ ప్రింటరు కొనియుంచిరి. గద్వాలలో మా పుట్టినింటి పొరుగున మగ్గముగల కుటుంబ మొకటి కలదు. గద్వాల చీర యనగా నూలు చీరకు పట్టంచును, పట్టుకొంగును నేతలోనే కూర్చిన చీర. ఆ ఇంటి వదినె యొకనాడు నాతో, “చెల్లె, చీర మడతల పెట్టేటందుకు మంచి చీటీలు అచ్చేసియ్యరాదు? కొన్నోళ్లకు మా నేత సంగతి తెలుస్తది” అనెను.

నేను సంతోషించి బజారునుండి నున్నని మెరుపు అట్ట తెచ్చి, ప్రశ్నపత్రములకు పెట్టిన ఏర్పాటుననే చీటీలు అచ్చువేసితిని. చూచుటకు అద్దమువలె నుండెను. శ్రావణమాసము, ముసురు దినములు. చీర కొన్నవారు మడత విప్పునప్పటికి చీటీమీది నల్లసిరా పట్టంచునకు అంటియుండెను. చీర తిరిగివచ్చినది. ఎన్నో దినముల నేత! వదినె నన్నొక్కమాటయు ననలేదు. నేనే వెలయిచ్చి ఆ చీర తీసికొంటిని. మచ్చ కుచ్చెళ్ళలో దాగునట్లు నేటికిని కట్టుకొనుచున్నాను.

తప్పు యంత్రముదా? కాదు. సాధారణముగా ఇంటి ప్రింటరునకు కన్నులు లేవు. మనము ఏ కాగితమని చెప్పితిమో దానినే నమ్మి సిరా కొలత, కాగితము కదలు వేగము నిర్ణయించుకొనును. ప్రింటు ఆజ్ఞ ఇచ్చునపుడు ‘ప్రాపర్టీస్’ లేక ‘ప్రిఫరెన్సెస్’ అనుచోట ‘పేపర్ టైప్’ లేక ‘మీడియా టైప్’ అను మాట యుండును. మనలో పెక్కుమంది దానిని ‘ప్లెయిన్ పేపర్’ అనియే విడిచిపెట్టుదురు. సాధారణ కాగితపు నారలు సిరాను త్రాగును. ఫోటో కాగితమున సిరాను పట్టి నిలుపు పూత ప్రత్యేకముగా నుండును. నేను తెచ్చిన అట్ట ఈ రెండును కాదు. పెద్ద అచ్చుకూటముల యంత్రములకై చేసినది. దానిపై నీటితో కలిపిన సిరా ఇంకక పైననే నిలిచినది. అట్టి అట్టకు ఏ ఏర్పాటును సరిపడదు. కాబట్టి కట్టపై ‘ఇంక్‌జెట్’ అను మాట ఉన్నదో లేదో చూచియే కొనవలెను.

ఫోటో కాగితమునకు పూత సాధారణముగా ఒకప్రక్కనే యుండును. ఎక్కువ తెల్లగానో, ఎక్కువ నిగనిగలాడుచునో ఉన్న ప్రక్క అదియే. వెనుకప్రక్క అచ్చువేసినచో సిరా మడుగుకట్టును.

లేజరు ప్రింటరు మార్గము వేరు. అందు సిరా లేదు. టోనరను సన్నని పొడిని వేడిరోలరు కరిగించి కాగితమునకు అతికించును. దళసరి కాగితము వేడిని తానే పీల్చుకొనును గనుక పొడి సరిగా అతుకక గోటితో గీచిన రాలిపోవును. ‘థిక్’ లేక ‘కార్డ్ స్టాక్’ అని చెప్పినచో యంత్రము నెమ్మదిగా నడచియో, వేడి పెంచియో పని నెరవేర్చును. ఇంక్‌జెట్ కొరకైన ఫోటో కాగితమును లేజరులో నెన్నడును పెట్టరాదు. పూత కరగి రోలరునకు అంటుకొనును. అంటించు చీటీలకును లేజరునకు తగినవే కావలెను, లేనిచో బంక లోపల కారును.

మొన్న నాగర్‌కర్నూలులో మా బంధువులయింట పెండ్లి. కొలదిమందికే గనుక శుభలేఖలు ఇంటనే అచ్చువేయుదమనిరి. ఒక పెద్దమ్మ ముందుగానే అట్టల మూలలకు పసుపు రాసి సిద్ధముగా నుంచినది! ఆ పొడి యంత్రమున పడిన చెడును గనుక వేరు అట్టలు తెప్పించి, అచ్చు ముగిసి సిరా ఆరిన పిదపనే పసుపు పెట్టించితిని. ఆమె నవ్వి, “యంత్రానికీ మడి ఉన్నదన్నమాట” అనెను.

ఇక నేను పాటించు క్రమము. కట్టపై వ్రాసిన జీ.ఎస్.ఎం. అంకెను చూతును. మన సాధారణ కాగితము 70 లేక 80; శుభలేఖల అట్ట తరచుగా 200కు పైబడును. మన యంత్రమెంతవరకు భరించునో దానితో వచ్చిన పుస్తకమున నుండును. వెనుకనుండి కాగితము పెట్టు దారి యున్నచో దళసరి అట్టను అటనుండియే పంపుట మేలు, వంపులు తక్కువ. కాగితపు రకమును, కొలతను కంప్యూటరులోనే గాక, యంత్రముపై అడిగినచో అచటను చెప్పవలెను. మొదట ఒక్క ప్రతి తీసి, ఆరనిచ్చి, తెల్లని పాతగుడ్డతో రుద్ది చూచి పిదపనే తక్కినవి వేయవలెను. ఫోటోలను ఒకదానిపై నొకటి పేర్చక పూట ఆరనీయవలెను. వానకాలమున కాగితము చెమ్మగిలి వంకరపోవును. కట్టను మూతగట్టి యుంచవలెను. పని ముగిసినంతనే ఏర్పాటును మరల ‘ప్లెయిన్ పేపర్’కు మార్చవలెను, లేనిచో మరునాటి ప్రశ్నపత్రములకు సిరా వృథాయగును.

వదినెకు ఇప్పుడు ఇంక్‌జెట్‌కు తగిన పూతలేని దళసరి కాగితముపై, ఆ రకమే చెప్పి, చీటీలు వేసి పంపుచున్నాను. అయినను ఆమె చీటీని చీరమడతలో పెట్టదు. పెట్టెమూతకు లోపలివైపున అంటించును. అదియే మేలని నాకును తోచుచున్నది.