ఏ చప్పుడూ ఊరికే రాదు!

ఫోన్‌లో స్టీలు గ్లాసు కింద పడిన చప్పుడు.

"ఏంటి నాయనమ్మా అదీ?" అన్నాను.

"ఏం లేదురా, చెయ్యి తగిలింది" అంది.

సరే అని వేరే కబుర్లలో పడ్డాం. ఆ తర్వాత మూడు నాలుగు నెలల్లో అలాంటి చప్పుళ్ళు చాలాసార్లు విన్నాను. ఓసారి గ్లాసు. ఓసారి తలుపుకి ఏదో కొట్టుకున్న మోత. ఓసారి మాట మధ్యలో "అబ్బా" అని చిన్న మూలుగు. నేను అడగడం, తను "ఏం లేదురా" అనడం, నేను "సరే" అనడం. అంతే.

హైదరాబాద్‌లో నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. రోజంతా నా పని తప్పెక్కడుందో వెతకడమే. వేల లైన్లలో ఒక్క లైను తేడాగా ఉన్నా పట్టేస్తానని ఆఫీసులో పేరు కూడా ఉంది. అలాంటివాడిని, కర్లపాలెంలో మా నాయనమ్మకి ఏమవుతోందో చెప్పే సాక్ష్యం నేరుగా నా చెవిలోనే పడుతుంటే పట్టుకోలేకపోయాను.

ఒకసారి తనే చెప్పింది, "పక్కనుంచి ఎవరైనా వస్తే కనపడ్డంలేదురా" అని. "శుక్లాలు అయ్యుంటాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిద్దాంలే" అన్నాను. సంక్రాంతికి తీసుకెళ్తే డాక్టరు గారు గ్లాకోమా అన్నారు. మన పెద్దవాళ్ళు నీటికాసులు అంటారే, అది. నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషి పేపరు చదువుతూనే ఉంటుంది, కానీ పక్కనున్న గ్లాసుని తన్నేస్తుంది, గుమ్మానికి భుజం కొట్టుకుంటుంది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. చుక్కలమందు వేసి మిగిలినదాన్ని కాపాడుకోవడమే. ఇప్పుడు తనకి ఒక కంట్లో వెలుతురు మాత్రమే తెలుస్తోంది. రెండో కంట్లో కాస్త చూపు ఉంది గానీ అక్షరాలు అందడంలేదు.

మా నాయనమ్మకి అక్షరాలు అందకపోవడం అంటే చిన్న విషయం కాదండీ. తను డిటెక్టివ్ నవలల మనిషి.

యుగంధర్ మన పక్క ఊరివాడే

నాయనమ్మ పుట్టిల్లు అప్పికట్ల. పెళ్ళై కర్లపాలెం వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో చీరల కింద రెండు కొమ్మూరి సాంబశివరావు నవలలు దాచుకుని వచ్చిందట. ఈ తరంవాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, కొమ్మూరి వారు 1926లో మన తెనాలిలోనే పుట్టారు. మద్రాసులో ఉండే డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, వీళ్ళకి తోడు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు... ఈ ముగ్గురినీ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చుట్టాల్లా కలిపేసింది ఆయనే. బాపట్లలో అద్దెకి తెచ్చిన పుస్తకం మర్నాటికల్లా తిరిగి ఇచ్చేయాలి. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు ఓ చాప్టరు చదివేదట.

"చివరి పేజీ చించేసిన పుస్తకాలు కూడా ఇచ్చేవాళ్ళురా. హంతకుడెవరో మనమే తేల్చుకోవాలి" అని నవ్వుతుంది.

కళ్ళు ఇలా అయ్యాక నాకు తోచిన ఉపాయం రేడియో. మంచి డిటెక్టివ్ నాటకాలు వినిపిస్తే చాలు కదా అనుకున్నాను. తెలుగులో వెతికాను. విజయవాడ ఆకాశవాణి నాటకాలు దొరికాయి. నండూరి సుబ్బారావు గారు గణపతి పాత్ర వేసిన 'గణపతి', ఇంకా 'కన్యాశుల్కం' వినిపించాను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచీ మా జిల్లాల్లో నాటకమంటే ఆ గొంతులే. నాయనమ్మ గణపతి విని కడుపుబ్బ నవ్వింది. నవ్వి, "బానే ఉంది గానీ ఇందులో హత్యేదీ?" అంది.

బొమ్మ లేని బొమ్మ

హత్యల కోసం వెతుకుతూ వెతుకుతూ అమెరికా వెళ్ళిపోయాను, అదే, నెట్‌లో. 1930ల నుంచి 50ల దాకా అక్కడ రేడియోకి స్వర్ణయుగం. టీవీ ఇంకా ఇళ్ళకి రాలేదు. రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా రేడియో చుట్టూ చేరేవాళ్ళు. బాసిల్ రాత్‌బోన్ 1939 నుంచి 1946 దాకా రేడియోలో షెర్లాక్ హోమ్స్‌గా పలికాడు. 1937 నుంచి 1954 దాకా నడిచిన 'ది షాడో' ఉంది. షాడో అనగానే మనకి మధుబాబు గారి షాడోనే గుర్తొస్తాడు గానీ, ఈయన వేరు. ఎదుటివాళ్ళ మనసుల్ని మాయచేసి కనపడకుండా తిరుగుతాడు. రేడియోలో ఎలాగూ ఎవరూ కనపడరు కదా, అంతకంటే తగిన హీరో ఎవరుంటారు చెప్పండి!

మన దేశంలోనూ వివిధ భారతిలో హిందీలో 'ఇన్‌స్పెక్టర్ ఈగిల్' వచ్చేది. ఈగిల్ ఫ్లాస్కులవాళ్ళు స్పాన్సర్ చేశారు కాబట్టి ఇన్‌స్పెక్టర్‌కీ ఆ పేరే!

ఈ నాటకాలు ఎలా తయారయ్యేవో చదువుతుంటే నాకు భలే అనిపించింది. అప్పట్లో చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే. స్టూడియోలో మైకు ముందు నటులు కాగితాలు పట్టుకుని నిలబడితే, పక్కనే ఇంకొకాయన చప్పుళ్ళ సామాను పెట్టుకుని కూచునేవాడు. కొబ్బరి చిప్పలు రెండు కొడితే గుర్రం పరుగు. రేకు ఊపితే ఉరుము. పలచటి సెలోఫేన్ కాగితం నలిపితే మంట. ట్రేలో కంకర పోసి దాని మీద నడిస్తే తోటలో ఎవరో వస్తున్నట్టు.

ఇందులో ఒక గట్టి నియమం ఉంది. సినిమాలో అయితే ఫ్రేములో వంద వస్తువులు ఉంటాయి, తొంభై ఊరికే ఉంటాయి. రేడియోలో అలా కుదరదు. వినేవాడికి చెవి తప్ప ఇంకేమీ లేదు. అనవసరమైన చప్పుడు ఒక్కటి పెట్టినా కథ అర్థంకాదు. కాబట్టి తలుపు కిర్రుమందంటే ఎవరో వచ్చారనే. గ్లాసు పడిందంటే ఏదో జరిగిందనే.

ఈ ముక్క చదివిన రోజు లాప్‌టాప్ మూసేసి చాలాసేపు ఊరికే కూచున్నాను.

రాంగ్ నంబర్

నాయనమ్మకి మొదట వినిపించిన అమెరికా నాటకం 'సారీ, రాంగ్ నంబర్'. లూసిల్ ఫ్లెచర్ రాసింది. 'సస్పెన్స్' అనే కార్యక్రమంలో 1943 మే 25న మొదటిసారి వచ్చింది. ఆగ్నెస్ మూర్‌హెడ్ అనే నటి దాదాపు ఒక్కతే అరగంట కార్యక్రమాన్ని మోస్తుంది. తర్వాత ఆవిడ చేతనే మళ్ళీ మళ్ళీ చేయించారంటే జనం ఎంత విన్నారో ఊహించుకోండి.

కథ చిన్నది. మంచం మీద ఉన్న ఓ జబ్బు మనిషి భర్తకి ఫోన్ చేయబోతే లైన్లు కలిసిపోయి ఇంకెవరివో మాటలు వినపడతాయి. ఇద్దరు మగవాళ్ళు ఆ రాత్రి ఒక ఆడమనిషిని చంపాలని మాట్లాడుకుంటున్నారు. వంతెన మీద రైలు వెళ్ళే టైముకి పని ముగించాలి, అప్పుడైతే అరిచినా ఎవరికీ వినపడదు అని. ఆవిడ ఆపరేటర్‌కి చెబుతుంది. పోలీసులకి చెబుతుంది. ఎవరూ పట్టించుకోరు.

నేను ఓ ముక్క వినిపించి ఆపడం, తెలుగులో చెప్పడం, మళ్ళీ పెట్టడం. రైలు మాట చెప్పగానే నాయనమ్మ చెయ్యెత్తింది.

"ఆగు. చంపబోయేది ఈవిడ్నే."

"నీకెలా తెలుసు?" అన్నాను. అప్పటికి కథ సగం కూడా కాలేదు.

"రైలు చప్పుడు గట్టిగా వినపడే ఇల్లయ్యుండాలి కదరా. అప్పికట్లలో మా ఇంట్లో రైలొస్తే మాట ఆపేసేవాళ్ళం. ఈవిడ మంచం మీంచి లేవలేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంకెవరు ఉంటారు?"

చివరిదాకా విన్నాం. నాయనమ్మ చెప్పిందే నిజం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

"పాపం, ఆవిడ ఫోన్లో చెబుతూనే ఉందిరా. వినేవాళ్ళే లేరు."

నన్ను ఉద్దేశించి అనలేదు. అలాంటి మనిషి కాదు. కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది. "నాయనమ్మా, నువ్వూ చెప్పావు కదా" అన్నాను. గొంతు సరిగా రాలేదు. తను నా చెయ్యి కోసం మంచం మీద తడిమి పట్టుకుంది. "ఊరుకోరా. నాకే తెలియనిది నీకేం తెలుస్తుంది" అంది. అది క్షమించడమో, కేసు మూసేయడమో నాకు తెలియలేదు.

బొమ్మ వచ్చాక

తర్వాత టీవీ వచ్చింది. అమెరికాలో 1949లో రేడియోలో మొదలైన పోలీసు నాటకం 'డ్రాగ్నెట్' 1951కల్లా టీవీకి ఎక్కేసింది. బీబీసీ రేడియో 1947లో మేరీ రాణి గారి 80వ పుట్టినరోజుకి అగాథా క్రిస్టీ చేత 'త్రీ బ్లైండ్ మైస్' అనే అరగంట నాటకం రాయించింది. దాన్నే ఆవిడ పెంచి 'ది మౌస్‌ట్రాప్' చేస్తే, 1952లో లండన్‌లో మొదలైన ఆ రంగస్థల నాటకం కరోనా రోజుల్లో తప్ప ఆగకుండా ఇప్పటికీ ఆడుతోంది. దానికి తల్లి అయిన రేడియో ప్రసారం రికార్డింగ్ మాత్రం మిగల్లేదు. గాలిలో వచ్చింది, గాలిలో పోయింది.

మనకి దూరదర్శన్‌లో 1985లో కారెట్లు కొరికే 'కరమ్‌చంద్' పంకజ్ కపూర్, 1993లో బాసు ఛటర్జీ తీసిన 'బ్యోమకేశ్ బక్షీ'లో రజిత్ కపూర్ వచ్చారు. ఈటీవీ వచ్చాక 'లేడీ డిటెక్టివ్', 'అన్వేషిత' లాంటివాటితో తెలుగు ఇళ్ళల్లోనూ సస్పెన్స్ మొదలైంది. బ్యోమకేశ్ వచ్చే టైముకి మా ఇంట్లో చాప పరిచేవాళ్ళని నాన్న చెబుతారు. ఎవరికీ హిందీ రాదు. అయినా నాయనమ్మ అందరి మొహాలూ చూసి, "వీడు కళ్ళు కిందకి దించుతున్నాడు, వీడే" అని చెప్పేసేదట.

అప్పుడు భాష రాకపోయినా మొహం చూసి పట్టేది. ఇప్పుడు మొహం లేకపోయినా చప్పుడు విని పడుతోంది. నాకేమో రెండూ ఉండి కూడా దొరకలేదు.

మా ఆదివారం నాటకం

ప్రతిదీ అనువాదం చేసి వినిపించడం కుదరడంలేదని ఇంజనీరు బుద్ధి చూపించాను. పాత నవల పేజీలు ఫోటో తీసి, అక్షరాలుగా మార్చి, కంప్యూటర్ గొంతుతో చదివించే ప్రోగ్రాం రాశాను. రెండు వారాంతాలు పట్టింది. గర్వంగా వినిపించాను. ఐదు నిమిషాలు విని, "ఒరేయ్, డిటెక్టివూ హంతకుడూ ఒకే గొంతేంట్రా? పైగా శవాన్ని చూసి కూడా వార్తలు చదివినట్టు చదువుతున్నాడు" అంది. ప్రోగ్రాం పక్కన పడేశాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి 8 గంటలకి గ్రూప్ కాల్. నేను డిటెక్టివ్. బాబాయి కూతురు బెంగళూరు నుంచి ఆడ పాత్రలన్నీ చదువుతుంది. నాన్న కర్లపాలెంలోనే నాయనమ్మ పక్కన కూచుని ఇన్‌స్పెక్టర్. చప్పుళ్ళు ఎవరికి వాళ్ళే. బకెట్‌లో మగ్గు ముంచితే సముద్రం, దువ్వెన గోకితే తలుపు, స్టీలు పళ్ళెం మీద గరిటె కొడితే గడియారం. ప్రతివారం ఒక్కో చాప్టరు. చివరి చాప్టరు ముందు వారం నాయనమ్మ తీర్పు చెప్పాలి. ఇప్పటికి నాలుగు నవలలయ్యాయి. మూడింట్లో తన తీర్పే నిజం. నాలుగోదాంట్లో "రచయితే తప్పు చేశాడు" అంటోంది.

చివరగా ఒక్క మాట, ఇది కథ కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు తరచూ గుమ్మానికి తగులుకుంటున్నా, పక్కనున్నవి తన్నేస్తున్నా పండగ దాకా ఆగొద్దు. కళ్ళలో ఒత్తిడి పరీక్ష చేయించండి. ఇంట్లో ఒకరికి గ్లాకోమా ఉంటే మిగతావాళ్ళకీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, మా ఇంట్లో నాన్న, బాబాయి, నేను అందరం చేయించుకున్నాం. నాన్నకి మొదలైంది. ముందే తెలిసింది కాబట్టి చుక్కలమందుతో ఆగింది.

నేనిప్పుడు ఫోన్లో నాయనమ్మ మాటలతో పాటు చప్పుళ్ళు కూడా వింటున్నాను. మందు సీసా మూత తీసిన శబ్దం, చేతికర్ర నేలకి ఆనిన శబ్దం. తనూ వింటోందని మొన్న తెలిసింది. నేను మంచి ఊపు మీద శవపరీక్ష రిపోర్టు చదువుతుంటే అడ్డం వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, నీ వెనకాల కుక్కరు ఐదో కూత వేసింది. ముందెళ్ళి స్టవ్వు కట్టేసి రా. హంతకుడు ఎక్కడికీ పోడులే."