పోటీ షూటింగులో ఎరుపుచుక్క గురిసాధనం: ఎంపిక, సర్దుబాటు, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం

తుపాకిపై అమర్చే ఎరుపుచుక్క గురిసాధనం కంటికి సులువుగా కనిపించినా, దానిని ఎంచుకోవడంలోనూ సరిచేయడంలోనూ భౌతికశాస్త్ర సూత్రాలు, కంటి ధర్మాలు, పోటీ నిబంధనలు కలగలిసి ఉంటాయి. ఈ సాధనం పనితీరును, ఎంపికలో గమనించవలసిన అంశాలను, జీరో చేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. కోనసీమ వంటి ప్రాంతం నుండి ఈ క్రీడలోకి వచ్చే విద్యార్థికి తెలుగులో అందించదగిన మాటలను కూడా సందర్భానుసారం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గురి, ఎరుపుచుక్క, కోణనిమిషం, పారలాక్స్, జీరో, కాంపౌండ్ విలువిద్య.

1. గురి అనే మాట

తెలుగులో 'గురి' అంటే లక్ష్యం, లక్ష్యం వైపు నిలిపిన చూపు, నమ్మకం కూడా. 'వైద్యుని మీద గురి కుదిరింది' అన్నప్పుడు అందులో తుపాకీ లేదు, బాణమూ లేదు. అయినా పోటీ షూటరు తన సాధనాన్ని 'జీరో' చేసుకోవడమంటే అచ్చంగా దాని మీద గురి కుదుర్చుకోవడమే. చుక్క ఎక్కడ నిలిస్తే తూటా అక్కడ పడుతుందన్న నమ్మకం లేనివాడు ట్రిగ్గరు నొక్కే క్షణంలో తడబడతాడు.

రాజోలు, అమలాపురం వంటి చోట్ల డిగ్రీ విద్యార్థికి తుపాకి తొలిసారి చేతికందేది ఎక్కువగా ఎన్‌సీసీ శిబిరంలో. అక్కడ ఇచ్చే .22 రైఫిలుకు ఉండేవి లోహపు గురులే. బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ టిప్, లక్ష్యం అనే మూడింటినీ ఒకే గీతలోకి తేవాలని శిక్షకుడు చెబుతాడు. కన్ను ఏకకాలంలో మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. కాబట్టి చూపును ఫోర్‌సైట్ మీద నిలిపి, లక్ష్యాన్ని కొంత మసకగా వదిలేయడం అభ్యాసమవుతుంది. ఎరుపుచుక్క సాధనం మార్చేది ఈ అలవాటునే.

2. ముందుగా నిబంధన, తరువాతే కొనుగోలు

ఈ సాధనాన్ని కొనదలచినవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న 'ఏది మంచిది' అన్నది కాదు, 'ఏ పోటీకి' అన్నది. ఒలింపిక్ షూటింగును నడిపే ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం పిస్టల్ విభాగాలలో తెరచిన లోహపు గురి మాత్రమే చెల్లుతుంది. దుర్భిణి, అద్దం, లేజర్, విద్యుత్ కాంతిచుక్క అన్నీ నిషిద్ధమే. హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంతో పాటు మరో మూడు రజతాలు గెలిచింది ఇలాంటి గురితోనే. 2012 లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 స్కోరుతో కాంస్యం పొందిన గగన్ నారంగ్ తుపాకి మీద కూడా చుక్క లేదు. ఈ దారిలో నడవదలచిన విద్యార్థి చుక్క సాధనం మీద వెచ్చించే ప్రతి రూపాయీ పోటీ దృష్ట్యా వృథా.

చుక్కకు చోటు ఉన్నది కదులుతూ కాల్చే ప్రాక్టికల్ షూటింగులో. ఐపీఎస్‌సీ పోటీలలో ఓపెన్, ప్రొడక్షన్ ఆప్టిక్స్ విభాగాలు దీనిని అనుమతిస్తాయి. సాధారణ ప్రొడక్షన్ విభాగం అనుమతించదు. 1990లో జరిగిన ఐపీఎస్‌సీ ప్రపంచ పోటీలో అమెరికా షూటరు డగ్ కోనిగ్ చుక్క గురితో విజేతగా నిలిచిన తరువాత ఓపెన్ విభాగంలో లోహపు గురి క్రమంగా కనుమరుగైంది.

3. చుక్క ఎక్కడ ఉంది?

అద్దం మీద కనిపించే చుక్క నిజానికి అద్దం మీద లేదు. ఈ సూత్రానికి 1900లో పేటెంటు పొందినవాడు ఐర్లండుకు చెందిన దుర్భిణుల నిర్మాత హోవర్డ్ గ్రబ్. నేటి సాధనంలో ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పుటాకార దర్పణపు నాభి వద్ద ఉంటుంది. నాభి నుండి వెలువడిన కిరణాలు దర్పణం మీద పడి సమాంతరంగా వెనుదిరుగుతాయని పదో తరగతి భౌతికశాస్త్రం చెబుతుంది. దర్పణంపై పూసిన పలుచని పూత ఎరుపును మాత్రమే తిప్పి పంపి, తక్కిన రంగులను దాటనిస్తుంది. కిరణాలు సమాంతరంగా వస్తున్నందున కన్ను చుక్కను చాలా దూరంలో ఉన్నట్లు భావిస్తుంది. అందుచేత చుక్క, లక్ష్యం రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి.

చూపు లక్ష్యం మీదే నిలవాలి, చుక్క దానంతట అదే అక్కడికి చేరాలి. ఆదిపర్వంలో ద్రోణుని పరీక్షకు నిలిచిన అర్జునుడు చెట్టునూ కొమ్మనూ కాక పక్షి తలను మాత్రమే చూశాడన్నది ఇక్కడ అన్వయించే ఉదాహరణ. ఎన్‌సీసీలో ఫోర్‌సైట్‌ను చూడటం నేర్చినవారు ఈ మార్పుకు కొన్ని వారాలపాటు ఇబ్బంది పడతారు. అలవాటుకొద్దీ చుక్కను చూడబోతారు. అప్పుడు లక్ష్యం మసకబారుతుంది, చుక్క వణుకు మాత్రం పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక పారలాక్స్ సంగతి. కన్ను అద్దపు కేంద్రం నుండి పక్కకు జరిగితే చుక్క కూడా అద్దంలో పక్కకు జరుగుతుంది, కానీ లక్ష్యం మీద దాదాపు అదే చోట నిలుస్తుంది. ఇక్కడ 'దాదాపు' ముఖ్యం. సాధనాన్ని 50 మీటర్లకు పారలాక్స్ లేకుండా తయారుచేసి ఉంటే, కన్ను 10 మి.మీ. పక్కకు జరిగినపుడు 25 మీటర్ల వద్ద గురి 5 మి.మీ. తప్పుతుంది, 10 మీటర్ల వద్ద 8 మి.మీ. తప్పుతుంది. ప్రాక్టికల్ షూటింగు లక్ష్యాలకు ఇది లెక్కలోనిది కాదు. 'పారలాక్స్ అసలే లేదు' అన్న ప్రకటనలను మాత్రం నమ్మనవసరం లేదు.

4. విజయవాడ విల్లుతో పోలిక

ఆంధ్రప్రదేశ్‌లో చుక్కతో గురిచూసే క్రీడకు దగ్గరి ఉదాహరణ తుపాకిలో కాక విల్లులో కనిపిస్తుంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌలో వ్యక్తిగత, జట్టు, మిశ్రమ విభాగాలలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె వాడే కాంపౌండ్ విల్లు గురిసాధనంలో పెద్దదిగా చూపే కటకాన్ని అమర్చుకోవచ్చు. దానిపై ఒక చుక్కనో వలయాన్నో గుర్తుగా ఉంచుతారు. రికర్వ్ విల్లుకు ఆ కటకం చెల్లదు. రెండింటిలోనూ విల్లుపై విద్యుత్ పరికరాలు నిషిద్ధం.

కాంపౌండ్ చుక్క కటకం మీదే ఉంది, దూరాన లేదు. కన్ను కొద్దిగా జరిగినా గురి మారిపోతుంది. అందుకే నారిలో పీప్ అనే చిన్న రంధ్రాన్ని బిగించి కంటిని ఒకేచోట కట్టివేస్తారు. అంటే అక్కడ గురికి రెండు బిందువులు కావాలి. సమాంతర కిరణాల వల్ల ఎరుపుచుక్కకు రెండో బిందువు అక్కరలేదు. పైకి ఒకేలా కనిపించే రెండు చుక్కల మధ్య భేదం ఇదే. విలువిద్య నుండి తుపాకికి మారినవారు కంటిని అద్దం నడిమికి తేవడానికి వృథాగా శ్రమపడటానికి కారణం కూడా ఇదే.

5. ఎంపిక

చుక్క పరిమాణాన్ని కోణనిమిషాలలో చెబుతారు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కోణనిమిషం. అది 100 మీటర్ల వద్ద 29 మి.మీ., 25 మీటర్ల వద్ద 7.3 మి.మీ., 10 మీటర్ల వద్ద 2.9 మి.మీ. ఇరవై అయిదు మీటర్ల దూరాన ఉంచిన గురివింద గింజ ఎంత కనిపిస్తుందో ఒక కోణనిమిషం దాదాపు అంత. ఆ లెక్కన 6 కోణనిమిషాల చుక్క 25 మీటర్ల వద్ద 44 మి.మీ. మేర కప్పుతుంది. 25 మీటర్ల ప్రెసిషన్ పిస్టల్ లక్ష్యంలో పది వృత్తపు వ్యాసం 50 మి.మీ. అని గుర్తుంచుకుంటే, నిదానంగా కాల్చే పనికి 2 లేదా 3 కోణనిమిషాల చుక్క ఎందుకు మేలో తెలుస్తుంది. వేగంగా లక్ష్యం నుండి లక్ష్యానికి మారేవారికి పెద్ద చుక్క త్వరగా దొరుకుతుంది. అద్దపు వెడల్పు కూడా అంతే: వెడల్పు ఎక్కువైతే చుక్క త్వరగా దొరుకుతుంది, బరువూ పెరుగుతుంది.

కొందరికి చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగానో, చిందిన సిరాలాగానో కనిపిస్తుంది. వస్తువు లోపమని దుకాణదారునితో వాదించే ముందు సాధనాన్ని చేతిలో తిప్పి చూడాలి. సాధనంతోపాటు చుక్క ఆకారం తిరగకపోతే లోపం కంటిలోనే ఉంది. అది అసమదృష్టి, అంటే ఆస్టిగ్మాటిజం. కళ్లజోడు మార్పించుకోవడం కొత్త సాధనం కొనడం కన్నా చవక.

దీపం బయటికి తెరచి ఉండే రకం, పెట్టెలా మూసి ఉండే రకం అని రెండున్నాయి. తెరచిన రకం తేలిక. కానీ వాననీటి బొట్టో, దుమ్మో దీపాన్ని కప్పితే చుక్క మాయమవుతుంది. గోదావరి పాయల నడుమ, ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ నిండి ఉండే రాజోలు వంటి చోటికి మూసిన రకమే తగినది. అయితే ఏసీ గది నుండి బయటికి తెచ్చిన వెంటనే దాని వెలుపలి అద్దం మీద కూడా ఆవిరి పడుతుంది. సాధనాన్ని ముందుగానే బయటి వేడికి అలవాటు చేయాలి.

కాంతిని దానంతట అదే మార్చుకునే సాధనాలకు ఒక చిక్కు ఉంది. షూటరు రేకుల షెడ్డు నీడలో నిలబడి, లక్ష్యం ఎండలో ఉంటే సాధనం నీడను కొలిచి చుక్కను మందగింపజేస్తుంది. ఎండలోని లక్ష్యంపై చుక్క కనబడదు. చేతితో మార్చుకునే వీలు లేని సాధనాన్ని పోటీకి కొనకపోవడమే మంచిది.

6. జీరో చేయడం

మొదట బిగింపు. మరలు వదులుగా ఉంటే తరువాతి లెక్కలన్నీ నిష్ఫలం. తయారీదారు చెప్పిన బిగువుకే, మరలు కదలకుండా పట్టే జిగురుతో బిగించి, మర తలకూ సాధనానికీ కలిపి ఒక గీత గీస్తే తరువాత కదలిక కంటికి తెలుస్తుంది.

ఆధారం మీద తుపాకిని ఉంచి 25 మీటర్ల వద్ద అయిదు గుళ్లు కాల్చాలి. చుక్క కాంతి లక్ష్యంపై స్పష్టంగా కనిపించేంత మాత్రమే ఉండాలి. ఎక్కువైతే చుక్క ఉబ్బి అంచు చెదురుతుంది. అయిదు రంధ్రాల గ్రూపు కేంద్రాన్ని గుర్తించి, అది నడిమికి ఎంత దూరమో కొలవాలి. కేంద్రం 44 మి.మీ. కిందికి, 22 మి.మీ. ఎడమకు ఉందనుకుంటే, క్లిక్కుకు ఒక కోణనిమిషం జరిగే సాధనంలో పైకి 6, కుడికి 3 క్లిక్కులు. మళ్లీ అయిదు కాల్చి చూడాలి.

ఒక్క గుండును చూసి మర తిప్పడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. షూటరు గ్రూపు వెడల్పే 60 మి.మీ. అయితే, సాధనం సరిగ్గా ఉన్నా ఒక్క గుండు కేంద్రానికి 30 మి.మీ. దూరాన, అంటే నాలుగు క్లిక్కుల దూరాన పడవచ్చు. దాని వెంట మర తిప్పితే ఉన్న గురి కూడా పోతుంది.

దిక్కు విషయంలోనూ గందరగోళం ఉంది. చాలా సాధనాలలో మర పక్కనున్న బాణపు గుర్తు తూటా పడే చోటు జరిగే దిక్కును చూపుతుంది. అద్దంలో చుక్క దానికి ఎదురుగా కదులుతుంది. చుక్క కిందికి దిగితే, దానిని లక్ష్యం మీదికి తేవడానికి షూటరు గొట్టాన్ని పైకెత్తుతాడు, తూటా పైకి పోతుంది. విలుకాండ్రు మాత్రం బాణం ఎటు పడితే గురిసాధనాన్ని అటే జరుపుతారు. ఈ రెండు సూత్రాలనూ తెలుగులో ఒకే 'పైకి జరుపు' అన్న మాటతో చెబితే విద్యార్థి తప్పు దిక్కుకు తిప్పడం ఖాయం. 'తూటాను పైకి తే', 'చుక్కను కిందికి దించు' అని కర్మపదంతో సహా చెప్పడం అవసరం.

చుక్క గొట్టం కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒక దూరానికి చేసిన జీరో మరో దూరానికి చెల్లదు. ఎత్తు 40 మి.మీ. అయి 25 మీటర్లకు జీరో చేసిన పిస్టలు 10 మీటర్ల వద్ద సుమారు 2 సెం.మీ. కిందికి కొడుతుంది. దగ్గరి చిన్న లక్ష్యాలు తప్పిపోయేది ఈ కారణంగానే. జీరో చెదిరిందని అక్కడే మర తిప్పకూడదు. ఏ దూరంలో ఎంత కిందికి పడుతుందో కాల్చి చూసి, గురిపుస్తకంలో రాసుకోవాలి.

తుపాకి ఎత్తగానే చుక్క దొరకకపోవడం ప్రారంభకుల ప్రధాన ఫిర్యాదు. అది సాధనపు లోపం కాదు, మణికట్టు కోణపు లోపం. తూటాలు తీసి రెండుసార్లు తనిఖీ చేసిన తుపాకితో, గోడపై గుర్తు పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి రోజూ కొన్ని నిమిషాలు ఎత్తి దించితే చుక్క వెదకనవసరం లేకుండా కంటి ముందుకు వస్తుంది. ఈ అభ్యాసంలో తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.